పాత అంగడి, క్రొత్త కాయకము



తాత చేసిన పనిని తాత చేసినట్లే చేయుట కాయకమని కొందరు తలంతురు. అది సరికాదు. పరులకు అక్కరకు వచ్చుటయే కాయకమునకు ప్రాణము. జనుల అక్కర మారినప్పుడు పని రూపమును మారవలెను. నేడు మన యువకులు ‘స్టార్టప్’లను పేర క్రొత్త వ్యాపారములకు పూనుకొనుచున్నారు. తండ్రులు పాత అంగళ్లను కాచుకొని యున్నారు. ఇరువురును వినదగిన చరిత్ర యొకటి కలదు.

అమెరికాలోని రోచెస్టరు నగరమున జార్జి ఈస్ట్‌మన్ అను బ్యాంకు గుమాస్తా 1880లో ఛాయాచిత్రములకు వలయు గాజు పలకల వ్యాపార మారంభించెను. అది సాగుచుండగనే, పలకలతో సామాన్యులు పడు ప్రయాసను గుర్తించి, చుట్టగా చుట్టు ఫిల్మును చేపట్టెను. 1888లో నూరు చిత్రములకు సరిపడు ఫిల్మును ముందే అమర్చి కొడాక్ కెమెరాను అమ్మెను. చిత్రములు తీసిన పిమ్మట కెమెరాను పంపినచో, తక్కిన పని కంపెనీవారే చేసి యిచ్చుచుండిరి. తన పలకలకు తానే పోటీ తెచ్చుకొనుటకు అతడు వెరవలేదు.

అదే కంపెనీలో 1975లో స్టీవెన్ శాసన్ అను యువ ఇంజనీరు ఫిల్ము అక్కరలేని కెమెరాను నిర్మించెను. దాని బరువు సుమారు 3.6 కిలోలు. ఒక్క చిత్రమును క్యాసెట్టుపై నెక్కించుటకు 23 సెకనులు పట్టెను. పెద్దలు చూచిరి గాని ఉత్సాహము చూపలేదు. పిమ్మట ఆ కంపెనీయు డిజిటల్ కెమెరాలను అమ్మెను. కాని ఫిల్ము లాభముపై మమకారమును సకాలమున విడువలేకపోయెను. 2012 జనవరిలో దివాలా రక్షణ కోరి న్యాయస్థానమున కెక్కెను. 2013లో బయటపడినను పూర్వవైభవము మరలి రాలేదు.

జపానులోని ఫ్యూజీఫిల్మ్ సంస్థపైనను అదే తుపాను వీచెను. వారు తమ సరకును గాక తమ విద్యను పరికించుకొనిరి. పలుచని పొరలు చేయు నేర్పును టెలివిజను, కంప్యూటరు తెరలకు వినియోగించిరి. చిత్రము వెలిసిపోకుండ కాపాడు రసాయనజ్ఞానమును చర్మ సంరక్షణకు మరల్చి, 2007లో ఆస్టాలిఫ్ట్ అను పేర లేపనములను విపణికి తెచ్చిరి. వేలాది ఉద్యోగములు తగ్గింపబడినవి గనుక మార్పు నొప్పిలేనిదని చెప్పజాలము. అయినను సంస్థ నిలిచెను.

కల్యాణమందలి అనుభవ మంటపమును స్మరింపుడు. అల్లమప్రభువు అధ్యక్షతన మంత్రియగు బసవేశ్వరుడును, పడవ నడుపు చౌడయ్యయు, బట్టలుతుకు మాచయ్యయు సమముగా కూర్చుండిరి. అచట మాటకు విలువ అనుభవమును బట్టియే గాని పదవిని బట్టి కాదు. అట్టి మంటపము మన యంగడిలో నున్నదా?

అంగడి గల పెద్దలారా! లాభమున కొంత భాగమును క్రొత్త యత్నమునకై వేరుగా నుంచుడు. దానిని తొలియేటి రాబడితో తూచకుడు. ఊయలలోని బిడ్డను సంపాదన యడుగువారు కలరా? గల్లాపెట్టె యొద్ద నిలిచి కొనువారి విసుగును వినుచున్న పనివాని మాటను చెవినిడుడు.

క్రొత్తగా పూనుకొను బిడ్డలారా! అప్పు తెచ్చి హంగులు కూర్చుటకు ముందు, కొనువారి యిబ్బంది యేమో అడిగి తెలిసికొనుడు. చిన్నగా చేసి చూపుడు. తప్పు జరిగినచో స్వల్పవ్యయముతోనే బయటపడనిండు. లాభము వచ్చిననాడు పనివారిని, సమాజమును మరువకుడు, అదియే దాసోహము.

వస్తువుపై మోహము వీడవచ్చును, సేవపై నిష్ఠ వీడరాదు. ఆలస్యమైన మార్పు భారము మొదట పనివాని కుటుంబముపై పడును. కావున పొయ్యి వెలుగుచున్నప్పుడే రేపటి కట్టెలు కూర్చుకొనుడు.