కుండ విడిచి వెళ్ళిన స్త్రీ

వాక్యభాగము: యోహాను సువార్త 4:1–42





కోడంబాక్కంలో కాపురమున్న వారికి బిందె సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. ఆకుపచ్చ, నీలము, ఎరుపు ప్లాస్టిక్ బిందెలు వీధి చివర వరుసగా పెట్టి, మెట్రో వాటర్ లారీ ఎప్పుడు వచ్చునా అని చెవులు రిక్కించుకొని కూర్చున్న రోజులు మనకు తెలియును. 1996లో తెలుగు గంగ కాలువ గుండా కృష్ణా నీళ్ళు పూండి జలాశయమునకు చేరినప్పుడు మన తెలుగువారము కొంచెము గర్వపడితిమి కూడ. మన నీళ్ళు మనలను వెదకుకొంటూ ఇంత దూరము వచ్చినవని మా సంఘములో ఒక అమ్మగారు ఎంతో సంతోషించింది. అయినను 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం నాలుగును అడుగంటినవి. ఆ జూలై 12వ తేదీన జోలార్‌పేట నుండి 25 లక్షల లీటర్ల నీళ్ళు రైలు మీద వచ్చినవి.

ఆ వేసవిలో ఒక తెల్లవారుజామున నేనును వరుసలో నిలిచియున్నాను. నా ముందు మరొక బిందె జరిపిన ఒక తమిళ సోదరితో గట్టిగా మాట్లాడితిని. మూడు దినములకు ముందు ఆదివార ఆరాధనలో జీవజలమును గూర్చి ప్రసంగించిన నోరే అది. ఆమె ఒక్క మాట కూడ అనలేదు, తన బిందె వెనుకకు లాగుకొన్నది. ఆ ఉదయము మా ఇంటికి నాలుగు బిందెలు నిండుగా వచ్చినవి, నాలో మాత్రము సంతోషము లేదు. అప్పటినుండి సమరయ స్త్రీ నన్ను వదలలేదు. మీతో కూడ ఆమెను గూర్చి మాట్లాడవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆమె మధ్యాహ్నపు ఎండలో బావికి వచ్చెను. మన పల్లెలలో కూడ ఆడవారు నీళ్ళకు పోవునది ఉదయము, సాయంకాలము. మిట్టమధ్యాహ్నము ఒంటరిగా పోయెడిది నలుగురి కంట పడనొల్లని మనిషి. అక్కడ యేసు ప్రభువు ప్రయాణముచేత అలసి కూర్చుండెను. ఆయన ఆమెను నీళ్ళు అడిగెను. ఈ మాట మీద పండితులు ఎన్నో పేజీలు వ్రాసిరి గాని, మనకు ఆ వ్యాఖ్యానము అంతగా అవసరము లేదు. మన తాతముత్తాతలలో అనేకులు ఊరి బావి మెట్టు ఎక్కుటకు వీలు లేక, దూరమున నిలిచి, ఎవరైనా దయతలచి పైనుండి దోసిట్లో పోయుదురా అని ఎదురుచూచినవారే. ఆ కథలు మన ఇండ్లలో అందరును చెప్పుకొనరు, చెప్పుకొనుటకు సిగ్గు. ఈ వాక్యభాగములోనైతే అడుగువాడు ప్రభువు, కుండ ఉన్నది ఆమె చేతిలో. ఆమె ముట్టిన కుండతో ఆమె చేదిన నీళ్ళు త్రాగుటకు ఆయన సిద్ధముగా ఉన్నాడు. ఆమెకు ఆశ్చర్యము కలుగుటలో వింత ఏమున్నది?

ఆయన జీవజలము ఇచ్చెదనని చెప్పగా ఆమె వెంటనే అడిగెను. ఏ ఉద్దేశముతో అడిగినదో చూడుడి: మరల ఇంత దూరము వచ్చి చేదుకొను పని తప్పవలెనని. ఇంటికి కుళాయి కనెక్షన్ కావలెనని అడిగినట్లు అడిగినది. నేను ఆమెను తప్పుపట్టుటలేదు, ఆ అడుగుట న్యాయమే. మన ప్రార్థనలలో చాలా భాగము అదే కదా. ప్రభువు ఆమెను కోపపడలేదు, కాదని కూడ చెప్పలేదు. ఆమె పెనిమిటిని పిలుచుకొని రమ్మనెను. అంటే, ఆమె ఎవరికిని చూపని చోటికి ఆయన నేరుగా వెళ్ళెను. అయిదు సార్లు నిండుననుకొని ఖాళీ అయిన జీవితము అది. ఆయనకు అదంతయు తెలిసియున్నది. తెలిసియు లేచిపోలేదు, ఆమెతోనే మాట్లాడుచు కూర్చుండెను.

ఇప్పుడు 28వ వచనము దగ్గర ఆగండి. ఆమె తన కుండను అక్కడనే విడిచి ఊరిలోనికి పోయెను. ఏ పనికి వచ్చినదో ఆ పని మరచెను. ఇంకొక సంగతి కూడ గమనించుడి: యేసు ప్రభువు ఆ నీళ్ళు త్రాగినట్లు యోహాను ఎక్కడను వ్రాయలేదు. శిష్యులు భోజనము తెచ్చి బ్రతిమాలగా తనకు వేరొక ఆహారమున్నదని ఆయన చెప్పెను. బావి దగ్గర ఇద్దరు దప్పికగొన్నవారు కలిసిరి, త్రాగిన మాట ఎక్కడను కానరాదు, అయినను ఇద్దరును తృప్తి పొందిరి. మరునాడు ఆమె మరల అదే బావికి రావలసినదే. ఆమె గతము మారలేదు, ఇల్లు మారలేదు, ఎండ తగ్గలేదు. మారినది ఒకటే. ఎవరి కంట పడకుండ మధ్యాహ్నము వచ్చెనో, ఆ మనుష్యుల యొద్దకే ఇప్పుడు పరుగెత్తుచున్నది. తన లోపల ఉన్నదంతయు ఎరిగిన ఒకరు తనను వెళ్ళగొట్టలేదు. ఆమె సంతోషమునకు ఆధారము ఇదే. ఈ ఆధారమును ఏ ఎండయు ఆరబెట్టలేదు, ఏలయనగా అది కుండలో లేదు.

ఇక మన సంగతి. కష్టముగా అనిపించినను చెప్పక తప్పదు. మన సంఘములలో సాక్ష్యముల సమయమున ఏమి వినుచున్నాము? అబ్బాయికి వీసా వచ్చినది, స్తోత్రము. అపార్ట్‌మెంట్ కొన్నాము, స్తోత్రము. అమ్మాయికి మంచి సంబంధము కుదిరినది, స్తోత్రము. ఇవి చెప్పవద్దని కాదు. దేవుడు ఇచ్చినదానికి కృతజ్ఞత చెల్లించవలసినదే. అయితే ఏడాది పొడుగునా నిండిన బిందెల సాక్ష్యములే వినబడినయెడల, వెనుక బెంచీలో ఖాళీ బిందెతో కూర్చున్నవాడు ఏమనుకొనును? దేవుడు తన వీధికి రాలేదనుకొనును. వాడు మెల్లగా రాకయే మానును. అట్లు మానినవారు ఎందరో మీ సంఘపు రిజిస్టరులోనే చూచుకొనవచ్చును.

మన బాప్టిస్టు సంఘముల పునాది నిండిన బిందె మీద వేయబడలేదు. ఆ చరిత్ర మన పిల్లలకు ఇప్పుడు అంతగా తెలియదు గనుక కొంచెము వివరముగా చెప్పెదను.

1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో గొప్ప కరవు. లక్షల జనము చనిపోయిరి. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసికొని, ఆకలితో వచ్చిన వారికి పని, కూలి దొరకునట్లు చేసిరి. నాకు ఇది చాలా ముఖ్యముగా కనబడుచున్నది. ఆకలిగొన్న వానితో సంతోషించుమని ప్రసంగించలేదు, మొదట పార ఇచ్చిరి, సాయంత్రము కూలి ఇచ్చిరి. బోధకులు మేస్త్రీలవలె జనముతో ఉండి, విశ్రాంతి వేళ వాక్యము చెప్పిరి. జనము నమ్మి బాప్తిస్మము అడిగిరి. దొరగారు ఇవ్వలేదు! పదిహేను నెలలు ఇవ్వలేదు. కూలి కొరకు, గింజల కొరకు చేరుచున్నారేమో అని భయము.

1878 జూన్‌లో సహాయము ముగిసినది, ఇక ఇచ్చుటకు డబ్బు లేదని తేటగా చెప్పబడినది. ఇప్పుడు వెళ్ళిపోవుదురనుకొన్నారు. వారు వెళ్ళలేదు. మాకు సహాయము అక్కరలేదు, మా చేతుల బొబ్బలే సాక్ష్యము, వచ్చు పంట కూడ పోయినయెడల చనిపోవుదుము, అయితే క్రైస్తవులుగా చనిపోవుదుము అను అర్థము వచ్చునట్లు వారు జవాబిచ్చినట్లు క్లౌ దొరగారు తన జీవితకథలో వ్రాసియున్నారు. ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మము ఇవ్వబడెను. మూడు దినములలో 3,536 మంది. నీళ్ళలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు మన తెలుగు బోధకులు ఆరుగురు, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున. ఆ సంఖ్యను మనము గొప్పగా చెప్పుకొందుము. నన్ను ఆపునది సంఖ్య కాదు, తేదీ. గింజలు ఆగిపోయిన తరువాతి తేదీ అది.

అదే 1878లో జెవెట్ దొరగారు ఈ చెన్నపట్టణములోని తెలుగువారి మధ్య పని ఆరంభించుటకు వచ్చిరి. అదే కరవులో, 1877–78లో, కరవు పనిగానే ఇక్కడ అడయారు, కూవం నదుల మధ్య ఆ బకింగ్‌హామ్ కాలువ భాగము త్రవ్వబడెను. తిరుమయిలై స్టేషను దగ్గర రైలు స్తంభములు దిగియున్న ఆ నల్లని మురుగునీరే అది. మనము ముక్కు మూసికొని దాటిపోవుదుము. ఈసారి దాటునప్పుడు ఒక్క క్షణము ఆగి చూడండి. మన పితరులు బొబ్బలెక్కిన చేతులతో సంతోషము కనుగొన్నది ఈ కాలువ పనిలోనే, ఇక్కడికి ఉత్తరమున.

ఇప్పుడు మన కాలపు మనిషిని గూర్చి చెప్పెదను. మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు, పేరు వ్రాయవద్దన్నారు. ప్రకాశం జిల్లా నుండి 1968లో పదహారేండ్ల వయసున ఈ ఊరు వచ్చి ఒక స్టూడియోలో లైట్ల పనిలో చేరిరి. అప్పటి కోడంబాక్కం, వడపళని ఎట్లుండెడివో పెద్దలకు జ్ఞాపకమే. పాతాళభైరవి, మాయాబజార్ వంటి చిత్రములు తయారైన వాహినీ ఆవరణలో నేడు ఆసుపత్రియు మాల్‌ను ఉన్నవి. తెలుగు చిత్రములు మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలినవి. తోటివారు కొందరు వెంట వెళ్ళిరి. ఈయన భార్యకు జబ్బు, పిల్లలకు ఇక్కడ చదువు. వెళ్ళలేదు. వారమునకు ఆరు రోజుల పని నెలకు ఆరు రోజులైనది, తరువాత అదియు లేదు. రాత్రి వాచ్‌మన్ ఉద్యోగములో కుదిరిరి. భార్య కూడ ప్రభువునందు నిద్రించెను.

ఏండ్ల తరబడి ఆయన సాక్ష్యమునకు నిలువలేదు. పాట పాడునప్పుడు మాత్రము అందరికంటె ముందు నోరు తెరచును. ఒకనాడు నేనే అడిగితిని, "తాతా, మీకు సంతోషము ఎక్కడనుండి వచ్చుచున్నది?" అని. ఆయన చాలాసేపు ఆలోచించి ఇట్లన్నారు: "అయ్యగారూ, ఫ్లోరులో పని చేసేటప్పుడు మాకు పగలు రాత్రి తెలిసేది కాదు. అంతా మా లైట్లే గదా. ప్యాకప్ చెప్పి లైట్లన్నీ ఆర్పేస్తే ఒక్కసారి భయం వేసేది, లోకమే చీకటైపోయినట్టు. తలుపు తీస్తే బయట ఎండ కాస్తా ఉండేది. నా పని పోయినప్పుడూ అంతే అయ్యగారూ. కొన్నాళ్ళు లోపలే కూర్చొని ఏడ్చాను. తలుపు తీయడానికి నాకు రెండేండ్లు పట్టింది."

ఆ రెండేండ్ల మాట నాకు విలువైనది. సంతోషము వెంటనే వచ్చినదని ఆయన చెప్పలేదు. ఏడ్చితినని చెప్పెను. లాజరు సమాధి యొద్ద ప్రభువు కూడ కన్నీళ్ళు విడిచెను గదా. హబక్కూకు ప్రవక్త మూడవ అధ్యాయము చివర అంజూరపు చెట్టు మొదలుకొని దొడ్డిలోని పశువుల వరకు పోయినవన్నిటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ తరువాతనే దేవునియందు ఆనందించుటను గూర్చి మాట్లాడెను. పోయినదానిని దాచి చెప్పు సాక్ష్యము వినువారికి సహాయపడదు. చెప్పువారికి కూడ పడదని నా అనుభవము.

2019లో మా వీధికి లారీ తెల్లవారుజామున నాలుగు గంటలకు వచ్చెడిది. రాత్రి కాపలా ముగియకముందే ఆ పెద్దాయన వచ్చి, మేడలు దిగలేని ముసలివారి బిందెలు తానే వరుసలో పెట్టి, నింపి, గుమ్మముల దగ్గర ఉంచి పోయెడివారు. తెలుగువారివి, తమిళులవి అని చూడలేదు. నేను గట్టిగా మాట్లాడిన దినమున కూడ ఆయన ఆ వరుసలోనే ఉన్నారు. నా వైపు చూచి తల వంచుకొన్నారు. ఆ సోదరి ముందుకు జరిపిన రెండవ బిందె ఆమెది కాదనియు, పై అంతస్తులో కాలు విరిగి పడియున్న ఒక అవ్వదనియు తరువాత ఆయనే చెప్పారు.

సాక్ష్యముల సమయములో నెలకు ఒక ఆదివారము, ఇంకను జవాబు రాని ప్రార్థన గలవారికి ముందుగా అవకాశమియ్యవలెనని మా సంఘ పెద్దలను అడిగియున్నాను. ఇద్దరు సమ్మతించిరి. ఒకరు ఇంకను ఆలోచించుచున్నారు. క్రొత్తవారు వచ్చినప్పుడు బాగుండదేమో అని ఆయన సందేహము. మీ సంఘములలో ఎట్లు జరుగుచున్నదో మాకు వ్రాయుడి.

ఆ తమిళ సోదరి ఇల్లు మా వీధిలోనే. వారము దినములు తిరుగుచునే ఉంటిని, ఒక మధ్యాహ్నము వెళ్ళి క్షమించమని అడిగితిని. ఆమె నవ్వి, కూర్చోమని, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ రోజు లారీ రాలేదు, వారి ఇంట ఎన్ని బిందెలు మిగిలియున్నవో నాకు తెలియదు. నేను త్రాగితిని.