చక్రాల మీద వంటిల్లు

ప్రయాణమంటే ఊరు దాటడమా, పని దాటడమా? మగవాళ్లకి ఈ రెండూ ఒకటే. ఆడవాళ్లకి ఊరు వెనకపడుతుంది గానీ పని వెనకపడదు.

కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకాన్ని ప్రకటించింది. పడకలు, స్నానాల గది, వంట గట్టు అన్నీ బండిలోనే. ఇల్లు వదలకుండానే లోకం చూడొచ్చన్నది అందులోని ఆకర్షణ. మా పెనుబల్లి వైపు అలాంటి బండ్లు లేవు గానీ ఆ పద్ధతి మాకు పాతదే. వాన్ ఒకటి మాట్లాడుకుని గ్యాస్ పొయ్యి, గిన్నెలు, బియ్యం మూట, పచ్చడి జాడీ ఎక్కించుకుంటాం. సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా గోదావరి దాటి విశాఖ చేరితే, అక్కణ్ణించి భీమిలి దాకా దాదాపు 30 కిలోమీటర్లు సముద్రం పక్కనే దారి.

మా వాళ్లం పదకొండు మందిమి ఆ దారిన వెళ్లినప్పుడు, బండి ఎక్కడ ఆగాలో తేల్చింది అందమైన చోటు కాదు, నీళ్ల కుళాయి. పిల్లలూ మగవాళ్లూ అలల్లోకి పరుగెత్తారు. అమ్మా, వదినా పొయ్యి వెలిగించారు. గాలికి మంట ఆరిపోకుండా ఇద్దరూ సముద్రానికి వీపు పెట్టి అడ్డంగా కూచున్నారు. చూద్దాం రమ్మంటే, "అన్నం ఉడకనీ తల్లీ, సముద్రం ఎక్కడికి పోతుంది?" అంది అమ్మ.

అమ్మకి అందులో బాధేమీ లేదు. నలుగురికీ వేడిగా వడ్డించడం ఆమెకి ఇష్టం. స్త్రీవాదులమైన మనకి చిక్కు ఇక్కడే. ఇష్టంగా చేసే పనిని చాకిరీ అనే హక్కు మనకెక్కడిది? నాకు తోచిన జవాబు ఇది. ఒక పని ఇష్టమో కాదో చేసినప్పుడు తెలియదు, మానాలనుకున్నప్పుడు తెలుస్తుంది. ఆ పూట అమ్మ వండనంటే ఇంట్లో ఎంతమంది ముఖాలు మాడేవి? 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే కొద్దిమంది మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ 289 నిమిషాలకి సెలవు లేదు.

హోటల్లో తింటే సరిపోదా అంటారు. డబ్బు మాట అలా ఉంచితే, ఒడ్డున చేపలు వేయించి అమ్మేది కూడా స్త్రీయే. మన తీరిక ఆమె చెమట మీద నిలబడుతుంది. కానీ ఆమె పనికి ధర ఉంది, బేరమాడకుండా ఇవ్వడం మన చేతిలో ఉంది. అమ్మ పనికి ధర లేదు కనకే దాన్ని ప్రేమ అని సరిపెడతాం.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో గృహిణి, మరిచిపోయిన తన పేరు కోసం ఇల్లు దాటుతుంది. ఇల్లే చక్రాలు కట్టుకుని వెంటపడితే ఎక్కడికని దాటడం?

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు డబ్బుల్లేవు. ఆ సౌకర్యం రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది, సముద్రం దాకా రాదు. కానీ ఆ బస్సులో పొయ్యి పట్టదు. పెనుబల్లిలో ఎక్కిన ఆడమనిషి ఖమ్మం దాకా ఎవరికీ ఏమీ వడ్డించకుండా కిటికీలోంచి చూస్తూ కూచోవచ్చు. ఏ పనికీ రాని ఆ కాలం ఆమె సొంతం.

కుటుంబంతో వెళ్లొద్దని కాదు. పొయ్యి బండెక్కాలా వద్దా అన్నది, దాన్ని వెలిగించే వాళ్లు తేల్చాలి. ఎక్కాలనే తేలితే, ఏ పూట ఏం వండాలన్న ఆలోచనతో సహా వంతులు పడాలి. గాలికి వీపు అడ్డుపెట్టే వంతు మగవాళ్లకీ రావాలి.