స్టే ఆర్డరు: హక్కా, జుల్మా?

2016లో జిల్లా అయిన కామారెడ్డిలోనూ, ఎల్లారెడ్డిలోనూ జాగా తగాదాలున్నవారు అడిగే ప్రశ్న ఒకటే: "మౌలానా, హద్దు తేలకముందే అవతలివాళ్ళు పునాది తీస్తున్నారు. కోర్టు నుంచి స్టే తెస్తే పాపమా?"

పాపం కాదు. గోడ లేచాక పడగొట్టించడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు కింద ఇచ్చే తాత్కాలిక ఇంజంక్షన్ యాజమాన్యాన్ని తేల్చదు. తేలేదాకా స్థలాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతుంది, అంతే.

కాని జాగా తనది కాదని తెలిసీ, రాజీ సొమ్ము గుంజడానికి స్టే తెచ్చేవాడి సంగతి వేరు. వాయిదాలు సాగుతుంటే అవతలివారి సిమెంటు గడ్డకడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, పిల్లాపాపలు కిరాయి ఇంట్లోనే ఉంటారు. వాగ్ధాటి గలవాని మాట విని తాను ఒకరి హక్కు మరొకరికి ఇప్పిస్తే, అతను పుచ్చుకున్నది అగ్నిఖండమేనని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు. ప్రవక్త (స) తీర్పే హరామును హలాలు చేయనప్పుడు కోర్టు కాగితం చేస్తుందా?

హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి)పై అర్వా అనే స్త్రీ మదీనాలో మర్వాన్ దగ్గర భూమి ఫిర్యాదు చేస్తే, ఆయన ఆ నేలను ఆమెకే వదిలేశారు. అందరూ అలా వదులుకోవాలని నేననను. నా దగ్గరికి వచ్చేవారిని మాత్రం కాగితాలకన్నా ముందు ఒక మాట అడుగుతాను: "మీ అబ్బాజాన్ బ్రతికుండగా ఆ హద్దు ఎక్కడుందని చెప్పేవారు?" కొందరు వెంటనే చెబుతారు. కొందరు తల దించుకుంటారు.