ఆ కార్డు వచ్చి ఉంటే...

జెనీవా వెళ్ళొచ్చానంటే అందరూ అడిగేది ఒకటే. "సరస్సు చూశావా? చాక్లెట్లు తెచ్చావా?" అని. రెండూ అయ్యాయి. కానీ నాతో ఇంటిదాకా వచ్చినవి మాత్రం కొన్ని అట్టముక్కలు!

మా తమ్ముడి ఉద్యోగం అక్కడే. ఓ చలికాలపు సాయంత్రం, పెందరాళే చీకటి ముసురుతోంటే, "రా అక్కా, నీకు నచ్చే చోటు చూపిస్తాను" అని రెడ్‌క్రాస్ మ్యూజియానికి తీసికెళ్ళాడు. స్ట్రెచర్లూ, కట్లూ చూపిస్తారనుకున్నాను. ప్రాణాలు కాపాడ్డమంటే మనకు తోచేవి అవేగా! నేను ఆగిపోయింది మాత్రం పెట్టెల్లో కిక్కిరిసి నిలబడ్డ పాత కార్డుల దగ్గర.

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే రెడ్‌క్రాస్ వాళ్ళు జెనీవాలో యుద్ధఖైదీల వివరాల కోసం ఓ ఏజెన్సీ తెరిచారు. "మా అబ్బాయి ఏమయ్యాడు?" అని ఇంటివాళ్ళ ఉత్తరం వస్తే ఓ కార్డు. పట్టుబడ్డవాళ్ళ జాబితా అవతలి దేశం నుంచి వస్తే పేరు పేరుకీ ఇంకో కార్డు. అన్నీ వరసలో పేర్చుకుంటూ పోతే ఆ మనిషి తాలూకు రెండు కార్డులూ ఎక్కడో పక్కపక్కకి చేరతాయి. వెంటనే ఇంటికి కబురు. అంతే! 20 లక్షల మంది ఖైదీలకుగాను సుమారు 70 లక్షల కార్డులయ్యాయి. పనిచేసిన వాలంటీర్లలో ఎక్కువమంది ఆడవాళ్ళే. తరవాత గాంధీగారి మీద పుస్తకం రాసిన రోమా రోలా కూడా అక్కడ పనిచేశాడు. మందు లేదు, సూది లేదు. ఉత్త గుమాస్తా పని. ఇది ప్రాణం కాపాడ్డం ఎలా అవుతుందీ అంటారా?

మా చిన్నమ్మమ్మని చూసినదాన్ని, నేనలా అడగలేను.

అమ్మమ్మకి చెల్లెలావిడ. భర్త రంగూన్‌లో బియ్యం మిల్లులో ఉద్యోగం చేసేవాడు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాయి. లక్షలాది జనం ఇళ్ళు వదిలేసి, ఎంతోమంది అడవులూ కొండలూ దాటి కాలినడకన ఇండియాకి వచ్చారు. ఆయన రాలేదు. ఉత్తరమూ రాలేదు. అప్పటికి చిన్నమ్మమ్మకి పదహారేళ్ళు.

పన్నెండేళ్ళయ్యాక పెద్దలు దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించేద్దామన్నారు. "ఎవరు చూసొచ్చారు?" అందట ఒకే ఒక్క మాట. ఎవ్వరూ నోరు విప్పలేదు. నుదుట రూపాయి కాసంత బొట్టుతో, సాయంత్రం రైలు వేళకి వీధి గుమ్మంలో కూచునే ఆవిణ్ణి నేను కాలేజీలో చేరేదాకా చూశాను.

ఇంత చెప్పి అసలు సంగతి దాచడం న్యాయం కాదు. రంగూన్ నుంచి నడిచొచ్చిన ఒకాయన, దారిలో ఆయన కలరాతో పోవడం కళ్ళారా చూశానని 1942లోనే మా తాతయ్యతో చెప్పాడు. మరదలి గాజులు పగలడం చూడలేక తాతయ్య ఆ మాట మింగేశాడు. పోయేముందు అమ్మతో అన్నాడు. అమ్మ నాతో అంది. చిన్నమ్మమ్మ అప్పటికింకా బతికే ఉంది. నేనూ చెప్పలేదు.

ఇన్నేళ్ళూ అది దయే అనుకున్నాను. ఆ కార్డుల ముందు నిలబడ్డాక ఆ ధీమా సడలింది. వాళ్ళు బతికున్నాడన్న కబురే కాదు, పోయాడన్న కబురూ పంపారు. ఎవరి కబురు వాళ్ళకి చేర్చారు. మేం ముగ్గురం ఆవిడ సొమ్ము ఆవిడకివ్వకుండా దాచుకున్నాం. వీరేశలింగంగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించింది 1881లో. 1942 నాటికి అరవయ్యేళ్ళు దాటింది! నిజం చెబితే గాజులొక్కటే పోయేవా? మళ్ళీ పెళ్ళో, చదువో, ఓ పంతులమ్మ ఉద్యోగమో... ఆ గుమ్మం దాటిన బతుకేదో ఉండేదేమో. బొట్టు నిలబెట్టామని మురిసిపోయాం, ఆవిణ్ణి అడక్కుండానే.

మరి రైలు కూత వినగానే ఆ మొహంలో కనిపించే వెలుగో? అబద్ధం మీద వెలిగిందని దాన్ని కొట్టిపారెయ్యడం, ఏమో, నాకు చేతకావడం లేదు.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు తమ్ముడికి మొదటిసారి ఇదంతా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

"నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు చిన్నమ్మమ్మ అట్లాసు తెమ్మందక్కా" అన్నాడు చివరికి. "రంగూన్ ఎక్కడో చూపించమంది. చూపించాను. అక్కణ్ణించి మనూరి వైపు వేలితో గీత గీసుకుంటూ వచ్చి, అడవుల దగ్గర ఆపేసింది. పుస్తకం మూసి నాకిచ్చేసింది."