వంగిన పెడల్, అతికిన యజ్ఞం

రాజమండ్రి దగ్గర మధురపూడిలో బ్రిటిష్ వాళ్ల కాలంలో వేసిన రన్‌వే మీద 1980ల్లో వాయుదూత్ వారి చిన్న విమానాలు దిగేవి. ఇప్పుడు జెట్లు దిగుతున్నాయి. చక్రాలు నేలను తాకగానే ప్రయాణం అయిపోయిందని లోపల కూర్చున్నవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. పైలట్‌కు మాత్రం ఇంకో పని మిగిలే ఉంటుంది. విమానాన్ని ఆపాలి.

సెస్నా 152, 172 లాంటి తేలికపాటి విమానాల్లో ఆ పని కాలి మునివేళ్లది. రెండు పాదాల ముందు రెండు పెడల్స్ ఉంటాయి. పెడల్‌ను మొత్తంగా ముందుకు తోస్తే తోక మీది రడ్డర్ తిరుగుతుంది. పైభాగాన్ని మునివేళ్లతో నొక్కితే బ్రేకు పడుతుంది. ఎడమ పెడల్ ఎడమ చక్రానికి, కుడి పెడల్ కుడి చక్రానికి. దేని మాస్టర్ సిలిండర్ దానిదే. రెండూ సమంగా పట్టకపోతే విమానం ఒక పక్కకు లాగేస్తుంది. రన్‌వే దిగి గడ్డిలోకి పోవచ్చు, రెక్క నేలకు రాసుకోనూ వచ్చు.

శిక్షణ విమానాల్లో ఈ పెడల్స్ పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఇంజను పరీక్షించేటప్పుడు విమానం కదలకుండా కొత్త విద్యార్థి ఒంట్లో ఉన్న బలమంతా వాటి మీదే పెడతాడు. ఏళ్ల తరబడి అలా తొక్కగా తొక్కగా ఒకనాటికి పెడల్ కాస్త వంగుతుంది. ఆ వంపు చూడ్డానికి చిన్నదే. కానీ పూర్తిగా నొక్కకముందే పెడల్ వెళ్లి ముందున్న ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజనుకు అడ్డంగా ఉండే గోడకు, తగిలితే బ్రేకు చాలదు. వంపు రెండో వైపుకుంటే పైలట్ కాలు తీసేసినా బ్రేకు కొద్దిగా పట్టే ఉండి, డిస్కు వేడెక్కుతుంది.

అప్పుడు వర్క్‌షాపులో తలెత్తే ప్రశ్న పైకి పనిముట్లకు సంబంధించిందే. దీన్ని వంచి సరిచేద్దామా, తీసేసి కొత్తది వేద్దామా? కాస్త లోపలికి వెళితే అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. పాడైనదాన్ని బాగుచేశాం అని చెప్పే అధికారం ఎవరికి, ఎప్పుడు వస్తుంది?

లోహం సంగతి ముందు చూడాలి. కడ్డీ వంగినప్పుడు వంపు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. తిరిగి నిటారుగా వంచితే ఆకారం వస్తుంది గానీ పాత స్థితి రాదు. సాగిన చోట లోహం గట్టిపడి పెళుసవుతుంది. వెల్డింగ్ పక్కన కంటికి కనపడని పగులు పుట్టవచ్చు. వేడి చేసి వంచుదామంటే, వేడితోనే బలం తెచ్చిపెట్టిన అల్యూమినియం మిశ్రమాలు మంట తగిలితే ఆ బలాన్ని పోగొట్టుకుంటాయి. అందుకే తయారీదారు మాన్యువల్ సరిచేయవచ్చని చెప్పిన భాగాన్నే, చెప్పిన పద్ధతిలోనే సరిచేయాలి. ఆ తర్వాత పగుళ్లలోకి చొచ్చుకుపోయే ఎర్రటి రంగు పూసి, తుడిచి, తెల్లటి డెవలపర్ చల్లుతారు. పగులుంటే తెలుపు మీద ఎర్రటి గీత తేలుతుంది. ఉక్కు భాగమైతే అయస్కాంత పరీక్ష కూడా ఉంది. ఇవేవీ చేయకుండా సుత్తి దెబ్బతో నిటారు చేసిన పెడల్ మీద రంగు వేస్తే అది అచ్చం కొత్తదానిలా ఉంటుంది. ప్రమాదమంతా ఆ పోలికలోనే ఉంది.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 1978 జూన్‌లో జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 ఒకటి ఒసాకాలో దిగుతూ తోకను నేలకు రాసుకుంది. వెనక భాగంలో క్యాబిన్ గాలి ఒత్తిడిని ఆపే గోడ, ప్రెషర్ బల్క్‌హెడ్, దెబ్బతింటే బోయింగ్ బృందమే మరమ్మతు చేసింది. అతుకు పెట్టిన పలక ఒకటే ముక్కగా ఉండాల్సింది, రెండు ముక్కలైంది. దాంతో రెండు వరుసల రివెట్లు మోయాల్సిన బరువు ఒక్క వరుస మీద పడింది. పైనుంచి చూస్తే అతుకు బాగానే ఉంది. ఆ తర్వాత విమానం 12,000కు పైగా సార్లు ఎగిరింది. 1985 ఆగస్టు 12న బల్క్‌హెడ్ చీలిపోయింది. విమానంలోని 524 మందిలో 520 మంది చనిపోయారు.

చేసిన పనికీ వచ్చిన ఫలానికీ మధ్య ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ ఆ తప్పు ఎక్కడుంది? సరిగ్గా ఈ ప్రశ్ననే వైదిక కర్మలను విచారించిన మీమాంసకులు యజ్ఞం గురించి వేసుకున్నారు. హోమం ఇవాళ ముగుస్తుంది, బూడిద చల్లారుతుంది, ఫలం ఎప్పుడో వస్తుంది. మధ్యలో ఆ కర్మను మోసేదేమిటి? వాళ్లు దానికి అపూర్వం అని పేరు పెట్టారు. కంటికి కనపడకుండా, పని ముగిశాక కూడా నిలిచి ఉండి, కాలం రాగానే పండేది. రివెట్ల వరుస వెంట ఒక్కో ప్రయాణానికి కాస్త కాస్త పెరిగిన పగులు అలాంటిదే. మీమాంసకుల అపూర్వాన్ని ఏ పరికరంతోనూ చూడలేం, పగులును చూడగలం. ఆ తేడా వర్క్‌షాపు బాధ్యతను పెంచుతుందే గాని తగ్గించదు.

గోదావరి డెల్టాలో ఈ మాటలు పుస్తకాలకే పరిమితం కాలేదు. కోనసీమ అగ్రహారాల్లో మూడు అగ్నులను ఇంట్లో నిలుపుకున్న ఆహితాగ్నులు, సోమయాగం చేసిన సోమయాజులు మొన్నమొన్నటి దాకా, కొన్ని ఇళ్లలో తరతరాలుగా ఉన్నారు. డేవిడ్ నైప్ అనే అమెరికన్ పండితుడు దశాబ్దాల పాటు వచ్చిపోతూ వాళ్ల జీవితాల మీద రాసిన పుస్తకం 2015లో వెలువడింది. ఆ శ్రౌత సంప్రదాయంలో తప్పు జరగదనే ధీమా ఎక్కడా కనిపించదు. అగ్ని ఆరిపోతే ఏం చేయాలి, పాత్ర పగిలితే ఏం చేయాలి, మంత్రం తప్పితే ఏం చేయాలి అని సూత్రాల్లో ప్రాయశ్చిత్తాలకు ప్రత్యేకంగా చోటుంది. తప్పు జరుగుతుందన్న ఎరుకతోనే ఆ వ్యవస్థను కట్టారు.

అందులో అందరికన్నా తక్కువ కనపడేవాడు బ్రహ్మ అనే ఋత్విక్కు. అధ్వర్యుడు చేతులతో పని చేస్తాడు, హోత ఋక్కులు చెబుతాడు, ఉద్గాత సామం పాడతాడు. బ్రహ్మ దక్షిణం వైపున మౌనంగా కూర్చుని మొత్తం యజ్ఞాన్ని మనసుతో అనుసరిస్తూ ఉంటాడు. ఆయన ఉన్నదే లోపం పట్టుకోవడానికి. ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయం ఆయన గురించి చెప్పేది ఈనాటి విమాన మెకానిక్ చదివినా తన గురించే అనుకోగలడు. బ్రహ్మ మధ్యలో నోరు విప్పితే యజ్ఞం ఒంటి చక్రం మీద నడిచే బండిలా దెబ్బతింటుందంటుంది. ఏ లోపానికి ఏ చికిత్సో కూడా విడివిడిగా చెబుతుంది. మూడు అగ్నుల్లో, ఋక్కులో తప్పు దొర్లితే గార్హపత్యంలో ఒక వ్యాహృతితో, అంటే భూః, భువః, స్వః అనే పవిత్ర పదాల్లో ఒకదానితో, యజుస్సులో దొర్లితే దక్షిణాగ్నిలో మరొకదానితో, సామంలో అయితే ఆహవనీయంలో మూడోదానితో హోమం. ఒకదానికి మందు మరొకదానికి పనికిరాదు. ఆ వెంటనే బంగారాన్ని దేనితో అతకాలి, వెండిని దేనితో అతకాలి అంటూ లోహాల మీదుగా కర్ర దాకా వచ్చి, యజ్ఞంలో విరిగిన చోటును కూడా అలాగే అతుకుతారంటుంది. తత్త్వం చెప్పే గ్రంథం ఇక్కడ కంసాలి కొలిమి దగ్గరకు వెళ్లి మాట తెచ్చుకుంది. ఏ లోహానికి ఏ అతుకో తెలియడం జ్ఞానంలో భాగమేనని ఒప్పుకుంది.

విమానరంగం కూడా తన దారిన అక్కడికే చేరింది. బ్రేకు ఉన్న ఆ పెడల్ రడ్డర్‌ది కూడా కాబట్టి అది కంట్రోల్ వ్యవస్థలో భాగం. కంట్రోల్స్‌ను విప్పి బిగిస్తే, బిగించినవాడు బాగుందనుకుంటే చాలదు. ఆ పనిలో చెయ్యి పెట్టని అర్హుడు మరొకరు వచ్చి విడిగా తనిఖీ చేయాలి. అప్పుడే లైసెన్సున్న ఇంజనీరు విమానాన్ని విడుదల చేస్తూ సంతకం పెడతాడు. చేసిన చేతికి తన తప్పు కనపడదని, పక్కన కూర్చున్న కంటికి కనపడుతుందని రెండు సంప్రదాయాలూ నమ్మాయి. రెండింటికీ పొంచి ఉన్న జబ్బు కూడా ఒకటే. చూడకుండా పెట్టే రెండో సంతకం, మనసు లేకుండా కూర్చున్న బ్రహ్మ.

బాగుచేయడానికి హద్దు ఎక్కడన్న విషయంలో ఆలయ ఆగమాలు చాలా తేటగా ఉన్నాయి. విగ్రహానికి చిన్న ఉపాంగాలు దెబ్బతింటే సరిచేయవచ్చు. ప్రధానాంగం విరిగితే కళను కలశంలోకి తీసుకుని, తాత్కాలిక గుడి అయిన బాలాలయంలో ఉంచి, కొత్త బింబాన్ని ప్రతిష్ఠించాలి. మాన్యువల్‌లో ఈ మేరకు దెబ్బతింటే సరిచేయవచ్చు, ఇది దాటితే మార్చాలి అని రాసేది ఈ ఆలోచనే. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోయినప్పుడు అతకడానికేమీ మిగల్లేదు. కొత్తది చేయించారు, 2021 ఫిబ్రవరిలో అది కదిలింది. రాజమండ్రిలో 1900 నుంచి రైళ్లను మోసిన హేవలాక్ వంతెనను 1997లో విశ్రమింపజేశారు. పక్కనే ఆర్చ్ వంతెన ఆ బరువు ఎత్తుకుంది. అప్పటికి పాత వంతెన కూలలేదు. కూలేదాకా ఆగకపోవడంలోనే వివేకం ఉంది. పెడల్ ఖరీదు చూసి వెనకాడేవాళ్లు ఆ వంతెన వైపు ఒకసారి చూడాలి.

ఇంత పోలిక ఉన్నా ఒక చోట దారులు చీలతాయి. ఇష్టి అనే యాగం చివర సర్వప్రాయశ్చిత్త హోమం ఉంటుంది. తెలిసి చేసినవీ, తెలియక చేసినవీ అన్ని లోపాలూ దానితో తీరతాయి. మనిషికి తన తప్పులన్నీ ఎప్పటికీ తెలియవన్న వినయం అందులో ఉంది. హ్యాంగర్‌లో ఆ వెసులుబాటు లేదు. పేరు పెట్టని లోపం అక్కడ తీరదు. కారణం కూడా న్యాయమైనదే. యజ్ఞంలో ఫలం అనుభవించేది సంకల్పం చెప్పుకున్న యజమాని. అతను అక్కడే కూర్చుని ఉంటాడు. మరమ్మతు ఫలం మాత్రం ఆ వర్క్‌షాపు గుమ్మం ఎప్పుడూ తొక్కని శిక్షణార్థిది, వాళ్ల అమ్మానాన్నలది. వాళ్ల తరఫున మాట్లాడేది లాగ్‌బుక్ ఒక్కటే. పెడల్‌ను వంచి సరిచేసి ఉంటే సరిచేశామనే అందులో రాయాలి. ఏ పద్ధతిలో చేశారు, ఏ పరీక్ష జరిపారు, పగులు కోసం ఎక్కడెక్కడ చూశారు అన్నవీ రాయాలి. 'పెడల్ చూశాం, బాగుంది' అని వదిలేస్తే, తర్వాత వచ్చే ఇంజనీరు ఆ వెల్డింగ్ పక్కనే మళ్లీ చూడాలని తెలుసుకునే వీలు ఉండదు.