ఒంటరి ముక్తి వలదన్న ప్రహ్లాదుడు



శ్రీమద్భాగవత సప్తమస్కంధమున ప్రహ్లాదుడు గురువు లేని వేళ తోడి దైత్యబాలకులను చేరబిలిచి హరిభక్తిని బోధించెను. పిదప నృసింహస్వామి ప్రసన్నుడైనప్పుడు, దీనులైన వీరిని విడిచి తానొక్కడే ముక్తిని కోరనని విన్నవించెను. భక్తి పదుగురితో పంచుకొనవలసిన ధనమని దీని భావము.

ఆ ప్రహ్లాదుని కథను తెలుగుననే ఆడుచున్న గ్రామమొకటి తమిళదేశమున, తంజావూరు చెంత కలదు. అది మెలట్టూరు. అచ్యుతప్పనాయకుడు అచట 510 బ్రాహ్మణకుటుంబములకు ఇండ్లను, భూములను ఇచ్చెనని ప్రతీతి. త్యాగరాజస్వామికి సమకాలికుడగు మెలట్టూరు వేంకటరామశాస్త్రి ‘ప్రహ్లాదచరిత్రము’ మొదలగు నాట్యనాటకములను రచించెను. ఏటేట నృసింహజయంతికి వరదరాజస్వామి సన్నిధిని ఈ భాగవతమేళము జరుగును. స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరింతురు. నృసింహుని ముఖమును వట్టి వేషముగా గాక దైవముగా పూజింతురు.

రాజులు గతించిరి. 20వ శతాబ్ది పూర్వార్ధమున మేళము సన్నగిల్లెను. ఇరుగుపొరుగు గ్రామములలో కొన్నింట ఇట్టి మేళములు నిలిచియే పోయినవి. మెలట్టూరులో గణేశయ్యరు మొదలగువారు పూనుకొనిరి. మదరాసు న్యాయవాది, నాట్యాభిమాని ఇ. కృష్ణయ్యరు తోడ్పడెను. ఆట మరల నిలిచెను. నగరములలో ఉద్యోగములు చేయువారు ఉత్సవమునకు ఊరు చేరుదురు. తండ్రి ధరించిన పాత్రను కుమారుడు అభ్యసించును. తెలుగు మాతృభాష కానివారును ఆ దరువులను భక్తితో నేర్తురు. ఇదంతయు స్వామిసేవయే కాని జీవనోపాధి కాదు.

దీనినిబట్టి తెలియవలసినదేమి? భూదానము కళకు ఆరంభము మాత్రమే. ‘నేను రానిచో స్వామిసేవకు లోటు’ అని ప్రతి యింటివాడును తలచుటయే దానికి తరుగని మూలధనము.

మన క్రోసూరు ప్రాంతపు పల్లెలకు కోలాటము, చెక్కభజన క్రొత్తవి కావు. కోలాటమున ఒక్కడు కోల తప్పినచో వలయమంతయు చెదరును. కోల కోలకు తగిలిననే తాళము పుట్టును. అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుని సీమ మనది. ఆ పంక్తిలో వలెనే ఈ వలయమునను ఎక్కువ తక్కువలు ఉండరాదు.

కావున గృహస్థులారా! పాటలెరిగిన వృద్ధులు మన నడుమ ఉండగనే ఇంటికొక బాలుని, బాలికను వారి చెంతకు పంపుడు. రాబోవు నృసింహజయంతికి మీ యూరి గుడి ముంగిట ఒక్క కోలాటమైనను జరుగుగాక! దాత దొరకువరకు వేచియుండవలదు. ఇరుగుపొరుగును పిలిచిన చాలును.