బేతనియ ఎంత దూరము?

వాక్యభాగములు: ఆదికాండము 13:5-18, మార్కు 11:11-12





ముంబయిలోను దాని చుట్టుప్రక్కలను స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో తరచుగా వినబడు ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, ఇల్లు ఎక్కడ చూచుకొనమందురు? ఠాణేలోనా, డోంబివలీలోనా, ఇంకను ముందుకు బదలాపూర్ పోదుమా?" ఇది బ్రోకరును అడుగవలసిన ప్రశ్నగాని సంఘ పెద్దలను అడుగునదా అని కొందరనవచ్చును. అడుగవలసినదే. ఏలయనగా ఇల్లు ఎక్కడనో నిర్ణయించుకొన్నప్పుడు, తల్లిదండ్రులు బిడ్డలతో గడుపు గంటలు ఎన్నియో కూడ నిర్ణయించుకొనుచున్నాము.

మన పెద్దల సంగతి జ్ఞాపకము చేసికొందము. తెలంగాణ ప్రాంతమునుండి వచ్చి కట్టడపు పనులు చేసిన కామాఠీల పేరుమీదనే కామాఠిపురా అను పేట వెలసినది. తరువాత నేతపని తెలిసిన మనవారు బట్టల మిల్లులలో చేరి, వాటి చుట్టునున్న చాల్‌లలో కాపురముండిరి. గది ఇరుకే. గాని మిల్లు కూత వేసిన కొంతసేపటికి తండ్రి ఇంటనుండెడివాడు. 1982 జనవరి 18న ఆరంభమైన సమ్మె తరువాత అనేక మిల్లులు మరల కోలుకొనలేదు. పరేల్ ప్రాంతమున మిల్లులున్న నేలలపై ఇప్పుడు ఆఫీసుల భవనములు లేచినవి. కొన్ని కుటుంబములలో, తాత నడచి వెళ్లిన చోటికే మనుమడు రైలులో యాభై కిలోమీటర్లు నిలువుకాళ్లమీద వచ్చుచున్నాడు.

ఇల్లు ఎన్నుకొనుటను గూర్చి వాక్యము ఏమి చెప్పుచున్నదో చూతము.

అబ్రాము తన హక్కును విడిచి, నీకిష్టమైన వైపు తీసికొనుమని లోతుకు అవకాశమిచ్చెను. లోతు కన్నులెత్తి యొర్దాను మైదానమంతయు చూచెను. నీటి వసతి బాగున్నది, పచ్చిక బాగున్నది. వెంటనే ఎన్నుకొనెను. నేలను చూచెను గాని పొరుగువారిని చూడలేదు. ప్రార్థించినట్లుగాని, ఇంటివారితో ఆలోచించినట్లుగాని అక్కడ వ్రాయబడలేదు. మొదట సొదొమ దగ్గర గుడారము వేసికొనెను. 14వ అధ్యాయమునకు వచ్చుసరికి సొదొమలోనే కాపురమున్నాడు. 19వ అధ్యాయములో ఆ ఊరి గుమ్మమునొద్ద కూర్చున్నాడు. చివరకు ప్రాణాపాయము వచ్చి హెచ్చరించినప్పుడు, అతడు పరిహాసము చేయుచున్నాడని అల్లుళ్లు తలంచిరి. ఊరి గుమ్మములో చోటు దొరికినది గాని, ఇంటివారియొద్ద మాట చెల్లలేదు. అబ్రామో హెబ్రోనుకు వెళ్లి అక్కడ బలిపీఠము కట్టెను.

శివారు పట్టణములన్నియు సొదొమలని మేము చెప్పుట లేదు. మనమందరము వాటిలోనే ఉన్నాము. అద్దె ఒక్కటే చూచి, చదరపు అడుగులు మాత్రమే చూచి ఎన్నుకొనుట లోతు చూపు అని చెప్పుచున్నాము.

ఉపాధ్యాయులము గనుక ఒక చిన్న లెక్క వేయుదము. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినసు నుండి ఠాణే 34 కిలోమీటర్లు, డోంబివలీ 48, కళ్యాణ్ 54, బదలాపూర్ 68. అయితే రైలు దూరము ఒక్కటే లెక్క కాదు. ఇంటినుండి స్టేషనుకు ఆటో, ప్లాట్‌ఫారముమీద ఎదురుచూపు, దిగిన తరువాత బస్సు, అన్నియు కలుపవలెను. అట్లు వెళ్లుటకు రెండు గంటలు, వచ్చుటకు రెండు గంటలైనచో, నెలకు 25 పనిదినములకు 100 గంటలు. ఒక్కొక్క వైపు గంటయే అయినచో 50 గంటలు. తేడా 50 గంటలు. దూరపు ఇంటి అద్దె నెలకు 5,000 రూపాయలు తక్కువ అనుకొనుడి. బిడ్డతో గడుపవలసిన గంటను నూరు రూపాయలకు అమ్ముకొన్నట్లు. భార్య కూడ ఉద్యోగమునకు వెళ్లుచున్నచో ఆ ధర ఇంకను పడిపోవును.

ద్వితీయోపదేశకాండము 6:7 చూడుడి. బిడ్డలకు దేవుని మాట నేర్పుటకు అక్కడ చెప్పబడిన వేళలు ఏవి? ఇంటిలోనున్న వేళ, బాటలోనున్న వేళ, నిద్రకు ముందు, నిద్ర లేచిన తరువాత. బిడ్డ లేవకముందే తండ్రి బయలుదేరి, బిడ్డ పండుకొనిన తరువాత తిరిగి వచ్చినచో, ఈ నాలుగింటిలో మిగిలినది ఏది? మరియొక నష్టము కూడ ఉన్నది. మన పిల్లలు మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుచున్నారు. అనేకులకు తెలుగు బడి ఇల్లే. తెలుగు బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు చదువుట సాయంత్రము తల్లిదండ్రుల ప్రక్కన కూర్చుండి నేర్చుకొనవలసినదే. ఆ సాయంత్రము రైలులో గడచిపోయినచో, రేపు మన మందిరములో కీర్తన ఎత్తువారెవరు?

ఇప్పుడు ప్రభువువైపు చూతము. సిలువకు ముందటి ఆ వారములో ఆయన పని యెరూషలేములో. దేవాలయములో బోధ, జనసమూహములు, శత్రువుల ప్రశ్నలు. అయితే సాయంకాలమైనప్పుడు ఆయన పట్టణము విడిచి శిష్యులతో బేతనియకు వెళ్లెను. మరునాడు అక్కడనుండి తిరిగి బయలుదేరెను. బేతనియ ఎంత దూరము? ఒలీవల కొండకు ఆవలి వైపున, దాదాపు మూడు కిలోమీటర్లు. మార్త, మరియ, లాజరు ఉండిన ఊరు అది. పని చేయుటకు చాలినంత దగ్గర, విశ్రమించుటకు చాలినంత దూరము. అక్కడ ఆయనను ప్రేమించు ఇల్లు ఉన్నది. ప్రియులారా, మనము వెదకవలసినది మన బేతనియను.

ఎట్లు వెదకవలెను? మేము నాలుగు మాటలు చెప్పుదుము.

మొదటిది, ఆదివారము మధ్యాహ్నము ఖాళీ రైలులో వెళ్లి చూచి అడ్వాన్సు ఇయ్యకుడి. సోమవారము ఉదయము ఎనిమిది గంటలకు ఆ స్టేషనులో రైలెక్కి చూడుడి, సాయంత్రము ఏడు గంటలకు తిరిగి రండి. ఆ స్టేషనునుండే బయలుదేరు లోకల్ రైళ్లు ఉన్నవో లేవో విచారించుడి, కూర్చుండుటకు చోటు దొరకునది వాటిలోనే. భార్యకు కూడ ఉద్యోగమున్నచో ఆమెయు ఎక్కి చూచి, ఆమె సరేననిన తరువాతనే నిర్ణయించుడి.

రెండవది, లోతువలె నేలను మాత్రమే చూడక, పొరుగును చూడుడి. నీళ్లు ఏ వేళ వచ్చును? బడికి బిడ్డ నడచి వెళ్లగలదా? రాత్రివేళ జ్వరము వచ్చినచో ఆసుపత్రి ఎంత దూరము? వానకాలములో ఆ వీధి నీట మునుగునా? అక్కడి కాపురస్థులనే అడుగుడి.

మూడవది, ఆరాధన. ఆదివారము రైల్వేవారు మరమ్మతులకు మెగా బ్లాక్ పెట్టినప్పుడు మందిరమునకు రాగలరా? నడచి పోగలిగినంత దూరములో విశ్వాసుల ఇల్లు ఒకటైనను ఉన్నదా?

నాల్గవది, ఇంటినే కాదు, పనిని కూడ దగ్గరకు తెచ్చుకొనవచ్చునేమో చూడుడి. నవీ ముంబయిని కట్టుటకు 1970లో సిడ్కో ఏర్పడినది. 1992లో వాశీకి రైలు వచ్చినది, 2004లో ఠాణే-వాశీ మార్గము ఆరంభమైనది. ఐరోలీ మొదలైనచోట్ల ఇప్పుడు పెద్ద ఆఫీసులున్నవి. కళ్యాణ్‌లోనున్నవాడు దక్షిణ ముంబయి దాక పోవుటకంటె అక్కడికి బదిలీ అడుగుట మేలు కావచ్చును.

ఇంతవరకు చెప్పినది ఎన్నుకొనగలవారికి. అప్పు చేసి ఇదివరకే దూరమున ఇల్లు కొన్నవారును, జీతము చాలక దూరము పోవలసివచ్చినవారును మనలో ఎందరో ఉన్నారు. వారిమీద ఈ మాట బరువుగా పడకూడదు. ఇల్లు, కష్టము, నిద్ర, బిడ్డలు, ఈ నాలుగింటిని ఒక్కచోట చేర్చి చెప్పినది 127వ కీర్తన. యెహోవా లేనిచో దగ్గరి ఇల్లును వ్యర్థమే, ఆయన ఉన్నచో దూరపు ఇంటనైనను దీవెన కలదు. అట్టివారు ఉదయము పది నిమిషములైనను బిడ్డను లేపి ప్రార్థించి బయలుదేరవలెను. సెలవు దినమును ఇతరులకు ధారపోయక ఇంటివారికియ్యవలెను. భార్య నాలుగున్నరకు లేచి వంట చేసి ఆరు గంటల రైలు పట్టుకొనుచున్నచో, భర్త కూడ నాలుగున్నరకే లేవవలెను.

సంఘమునకును ఒక మాట. మన మందిరములు అనేకము ముందటి తరము కాపురమున్న చోటనే ఉన్నవి. మన బిడ్డలు రైలుమార్గపు చివరనున్నారు. వారు రాలేదని లెక్కలు వ్రాసికొనుటకంటె, మనమే వారియొద్దకు పోవుట మంచిది. వారములో ఒక సాయంత్రము వారి ఇంటనే కూటము పెట్టుదము. తెలుగు అక్షరములు నేర్పువారు ఒకరు ఆ ఇంటికి వెళ్లుదురు గాక. బేతనియ వారికి దొరకనిచోట, బేతనియ కట్టుట మన పని.

బబులోనులోనున్నవారికి యిర్మీయా ద్వారా దేవుడు చెప్పిన సంగతి ఇదే: అక్కడ ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, ఆ పట్టణ క్షేమము కోరవలెనని. మనమును ఈ పట్టణ క్షేమము కోరుదము. అయితే మన సాయంకాలములన్నిటిని ఈ పట్టణమునకు అప్పగింపకుందము.

సాయంకాలము ఇంటికి చేరు ప్రతి తండ్రిని, ప్రతి తల్లిని ప్రభువు క్షేమముగా నడిపించి, వారు వచ్చువరకు మేలుకొని ఎదురుచూచు బిడ్డలను ఆదరించును గాక. ఆమేన్.